మూడో తీగ

కాలిపోయిన మోటార్లకు వైండింగు చేసే ఆ షాపులో ఒకప్పుడు ఇద్దరు మేస్త్రీలుండేవారు. అన్న పెద్ద మేస్త్రీ, తమ్ముడు చిన్న మేస్త్రీ. పెద్ద మేస్త్రీ పోయి పదకొండేళ్ళయింది. అయినా చిన్న మేస్త్రీ చిన్న మేస్త్రీగానే ఉండిపోయాడు. నలభై ఆరేళ్ళొచ్చాయి, చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది, మోటారు చంకనేసుకుని వచ్చిన ప్రతివాడూ ఇంకా "చిన్న మేస్త్రీ ఉన్నాడా?" అనే అడుగుతాడు. ఉన్నానంటూ అతను చేతికంటిన వార్నిష్ తుడుచుకుని లేచి వస్తాడు. షాపు తనదే అయినా పెద్ద మేస్త్రీ స్టూలు మీద మాత్రం కూర్చోడు. దాని మీద రాగి తీగ చుట్టలు పెట్టి ఉంచాడు, ఎవరూ కూర్చోకుండా.

అన్నదమ్ములిద్దరికీ పాట పిచ్చి. గురువంటూ ఎవరూ లేరు. రేడియోలో విన్నది గిటారు మీద వెతుక్కోవడం, దొరికిందాకా ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తియ్యడం, అదే వాళ్ళ చదువు. ఆ ఎలక్ట్రిక్ గిటార్లు కూడా సగం సొంత తయారీయే. తీగల కింద ఉండే అయస్కాంతాలకు వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టాలి. మోటార్లు చుట్టేవాడికి అదొక లెక్కా? పెద్ద మేస్త్రీ మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చుని చుట్టేశాడు. ఆంప్లిఫయరు కూడా ఆయనే కట్టాడు. చెక్క పెట్టె, లోపల పాత ట్రాన్స్‌ఫార్మరు, ముందు ఒక ఎర్ర దీపం. స్విచ్చి వేస్తే అరనిమిషం ఆలోచించుకుని గుంయ్ మనేది. వాయించినా వాయించకపోయినా ఆ గుంయ్ ఆగేది కాదు.

"దాన్ని తీసెయ్యొచ్చుగా అన్నయ్యా" అని తమ్ముడు ఎన్నోసార్లు అన్నాడు.

"ఉండనీరా. దాని దారిన అది ఉంటుంది" అనేవాడు అన్న. చేతకాక అలా అంటున్నాడని తమ్ముడు లోపల్లోపల నవ్వుకునేవాడు.

ఇంకొక నియమం కూడా ఉండేది వాళ్ళ మధ్య. శ్రుతి చెయ్యడం అన్న పని. రెండు గిటార్లూ ఆయనే సరిచేసేవాడు. పెట్టె వేడెక్కాక దాని పక్కన గొంతుక్కూర్చుని, రోగి ఛాతీ మీద చెవి పెట్టిన డాక్టరులా తల వంచి, మూడో తీగను మెల్లగా బిగించేవాడు. అది కుదిరాక మిగతా తీగలన్నీ దాన్నిబట్టి. "శ్రుతి నేను చూసుకుంటా, నువ్వు వాయించు" అనేవాడు. తమ్ముడు వాయించేవాడు. పదేళ్ళు అలా గడిచాయి. డ్రమ్ములకు పక్క వీధి దర్జీ ఉండేవాడు. అతనికి శ్రుతితో పనిలేదు కాబట్టి ముగ్గురూ సుఖంగా ఉన్నారు.

కీబోర్డు వాయించేవాడొకడు వచ్చి చేరడంతో ఆ సుఖం పోయింది. మొదటి రోజే నాలుగు మెట్లు నొక్కి, ముఖం చిట్లించి, "మీ గిటార్లు శ్రుతిలో లేవండీ" అన్నాడు. అన్నాక నవ్వాడు కూడా. ఆ నవ్వుకి చిన్న మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. మర్నాడే ఒక ట్యూనరు డబ్బా తెచ్చుకున్నాడు. అరచేతిలో పట్టేంత డబ్బా, లోపల ఒక ముల్లు. తీగ మీటితే ముల్లు నడిమికి రావాలి. అన్న శ్రుతి చేసిన ఆరు తీగలూ మీటి చూశాడు. ఆరింటికీ ముల్లు నడిమి గీత దాటి కుడివైపుకి పోయింది. అంటే శ్రుతి అంతా ఒకే కొలతలో పైకుంది.

అప్పుడు నోరు జారాడు. జారడమేమిటి, తెగించి అన్నాడు, దర్జీ ముందు, కీబోర్డువాడి ముందు.

"నీ చెవి చచ్చిపోయింది అన్నయ్యా. పదేళ్ళ నుంచీ నీ మూలాన అపశ్రుతి వాయిస్తున్నాం."

పెద్ద మేస్త్రీ గిటారు మెడ గుడ్డతో తుడిచి, గోడకు ఆనించి, మేడ మీదికి వెళ్ళిపోయాడు. ఇల్లు షాపు పైనే. తర్వాత మూడు రోజులు అన్నదమ్ములు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని మోటార్లు చుట్టారు, మాటల్లేవు. క్షమించమని అడగడానికి చిన్న మేస్త్రీకి మనసు రాలేదు. నిజం చెప్పినందుకు క్షమాపణ ఎందుకన్నది అతని పట్టుదల. ఆ గొడవలో ట్యూనరు డబ్బా కూడా ఎక్కడో పోయింది. నాలుగో రోజు పొద్దున పెద్ద మేస్త్రీ ఒక పంపు మోటారు బల్ల మీది నుంచి దించుతూ దించుతూ కూలబడ్డాడు. గుండె. ఆస్పత్రికి వెళ్ళేలోపే అయిపోయింది.

ఆ తర్వాత చిన్న మేస్త్రీ ఎలక్ట్రిక్ గిటారు ముట్టుకోలేదు. ఆ పెట్టె స్విచ్చి కూడా వెయ్యలేదు. పాట మాత్రం వదలలేదు. వదిలితే పిచ్చెక్కిపోతాడు. వెతికి వెతికి బ్లూగ్రాస్ అనే సంగీతంలో పడ్డాడు. ఎక్కడి కొండల్లోనో పుట్టింది, అంతా చెక్క వాయిద్యాలే, కరెంటుతో పనిలేదు. నలుగురైదుగురు ఒకే మైకు చుట్టూ నిలబడతారు. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఒకడుగు ముందుకు వేసి వాయించి, మళ్ళీ ఒకడుగు వెనక్కి వేసి పక్కవాళ్ళకు చోటిస్తారు. అతను బాంజో పట్టాడు. డప్పుకి పొడుగాటి మెడ తగిలించి తీగలు బిగించినట్టుంటుంది. మూడు వేళ్ళకు లోహపు గోళ్ళు తొడుక్కుని వడగళ్ళ వానలా వాయించాలి. పదకొండేళ్ళు అదే వానలో తలదాచుకున్నాడు. ట్యూనరు లేకుండా ఒక్కనాడూ వాయించలేదు. ఒకటి జేబులో, ఒకటి బాంజో పెట్టెలో.

అలాంటివాడి దగ్గరికి అన్న కూతురు ఒక టేపు పట్టుకొచ్చింది. నాన్న పోయేనాటికి తొమ్మిదేళ్ళ పిల్ల, ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోంది. షాపు వెనక గదిలో నాన్న పనిముట్ల సొరుగు సర్దుతుంటే అడుగున దొరికిందట. క్యాసెట్టు మీద పెన్సిలుతో "చిన్నోడికి" అని రాసి ఉంది. కింద తేదీ. గొడవైన రెండో రోజుది.

"అమ్మ నన్ను వినొద్దంది బాబాయ్. నీ పేరు రాసుంది కాబట్టి ముందు నువ్వే వినాలట" అంది ఆ పిల్ల. "నాన్న ఎలా వాయించేవారో నాకు అస్సలు గుర్తులేదు. చేతులు గుర్తున్నాయి, పాట గుర్తులేదు. నువ్వు విన్నాక నాకూ వినిపిస్తావుగా?"

"అలాగేనమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం షాపు తలుపు సగం దించి, వెనక గదిలో అన్నయ్య పాత టేపు రికార్డరులో క్యాసెట్టు పెట్టాడు. ముందు వచ్చింది గుంయ్. తర్వాత ఒక దగ్గు. చనిపోయినవాళ్ళ గొంతుని తట్టుకోవచ్చేమో గాని దగ్గుని తట్టుకోవడం కష్టం. తర్వాత మూడో తీగ మోగింది. కొంచెం బిగించారు. మళ్ళీ మోగింది. ఇంకొంచెం. ఆగింది. అప్పుడు అన్నయ్య గొంతు, చెవి పక్కన నిలబడి పిలిచినట్టు, "ఒరేయ్" అంది.

చిన్న మేస్త్రీ టక్కున టేపు ఆపేశాడు. ఆ తర్వాత వచ్చేది తను అన్నదానికి జవాబని అతనికి తెలుసు. చచ్చిపోయినవాడు తిట్టినా భరించలేడు, మన్నించినా భరించలేడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. మళ్ళీ "ఒరేయ్" దగ్గర ఆపాడు. ఆ మధ్యాహ్నం అలా ఏ ఏడెనిమిది సార్లో జరిగింది. పాట ఏదో మాత్రం అతనికి అనుమానం లేదు. వాళ్ళిద్దరూ కట్టుకున్నది ఒకటే ఉంది. అన్న వరస వాయిస్తాడు, నడుమ ఖాళీలో తమ్ముడు దూరాలి. టేపులో తన చోటు ఖాళీగా ఉంటుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాయించాలంటే కరెంటు గిటారు కావాలి. మర్నాడు తన పాత గిటారుని అటక మీది నుంచి దించాడు. తుడిచాడు, కొత్త తీగలు వేశాడు, ట్యూనరు పెట్టి ఆరు తీగలకీ ముల్లు నడిమికి తెచ్చాడు. పెట్టె వెనక మూత విప్పి బూజు దులిపి, ఎండిపోయిన భాగాలు రెండు మార్చాడు. స్విచ్చి వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. అరనిమిషం ఆలోచించుకుని పెట్టె గుంయ్ మంది. వేడెక్కిన దుమ్ము వాసన, దాని వెనకే అన్నయ్య చొక్కా వాసన వచ్చినట్టనిపించి అతను వెనక్కి తిరిగి చూశాడు కూడా. స్టూలు మీద రాగి తీగ చుట్టలే ఉన్నాయి.

వేళ్ళు ముందు మాట వినలేదు. బాంజో అలవాటుకి గిటారు మీద కూడా వడగళ్ళే రాలాయి. ఎలక్ట్రిక్ గిటారుకి అంత కంగారు అక్కర్లేదు. ఒక్క స్వరం మీటి దాన్ని బతకనివ్వాలి. అతను అదే చేశాడు, మూడో తీగ మీటి ఊరుకున్నాడు.

తీగ మోత ఒకవైపు, పెట్టె గుంయ్ ఒకవైపు. రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి గాని కలవడం లేదు. కలవని చోట గాలి ఊగుతోంది. వావ్, వావ్, వావ్. తన ప్రమేయం లేకుండానే చిన్న మేస్త్రీ ఎడమ చెయ్యి తీగ బిగించే బిరడాకు పోయింది. వెంట్రుకంత బిగించాడు. ఊగు నెమ్మదించింది. ఇంకొంచెం. ఇంకా నెమ్మదించింది. ఇంకొంచెం. ఊగు ఆగిపోయింది. తీగ, పెట్టె రెండూ ఒక్కటైపోయాయి. మిగతా ఐదు తీగలూ దానికి సరిచేసి మీటాడు. పదేళ్ళపాటు ఆ గదిలో మోగిన మోత, పదకొండేళ్ళుగా ఎక్కడా వినపడని మోత, తిరిగొచ్చి గదంతా నిండింది.

ట్యూనరు పెట్టి చూశాడు. ఆరింటికీ ముల్లు నడిమి గీత దాటి కుడివైపుకి, ఆనాడు నిలిచిన చోటే నిలిచింది. టేపు పెట్టి చూశాడు. టేపులోని గుంయ్, గదిలోని గుంయ్ ఒకటే. అందులోని మూడో తీగ, తన మూడో తీగ ఒకటే.

చిన్న మేస్త్రీ కింద కూలబడ్డాడు. జీవితమంతా మోటార్ల మధ్య బతికినవాడికి ఇది ఎవరో చెప్పాలా? కరెంటు గుంయ్ ఎక్కడైనా ఒకటే. ఇవాళా అదే, పదకొండేళ్ళ కిందటా అదే, ట్యూనరు గీతకు మాత్రం కాస్త పైన. గురువు లేడు, ట్యూనరు లేదు, కీబోర్డు లేదు. అందుకని అన్నయ్య ఉన్నవాటిలో కదలనిదేదో దాన్ని పట్టుకున్నాడు. గుంయ్ తీసెయ్యడం చేతకాక కాదు, అదే ఆయన తంబురా. దానికి వెంట్రుకవాసి తేడా లేకుండా పదేళ్ళూ రోజూ తీగ కలిపాడు. చచ్చిపోయింది అన్నయ్య చెవి కాదు. పక్కనే కూర్చుని పదేళ్ళు వినకపోయిన తన చెవి.

ఆ వారం అతనికి మనశ్శాంతి లేదు. ఆ మోత ఒకసారి చెవిలో పడ్డాక ఇక వదలదు. ఫ్రిజ్జులో అదే. వీధి మలుపులో కరెంటు పెట్టె దగ్గర అదే. లిఫ్టు ఎక్కితే తల మీద అదే. బట్టలిచ్చే దర్జీ కొట్లో ట్యూబులైటు కూడా అన్నయ్య మూడో తీగే మోగిస్తోంది. ఊళ్ళో అన్నయ్య లేని గోడంటూ లేకుండా పోయింది. భయం వేసింది. ఆ భయంలో కొంచెం ఇష్టం కూడా ఉంది, అది ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు.

శుక్రవారం సాయంత్రం బ్లూగ్రాస్ వాళ్ళతో వాయించడానికి వెళ్ళాడు. రెండు పాటలయ్యాక ఫిడేలు వాయించే లెక్కల మేడం విల్లు దించేసింది.

"ఏమనుకోకండి, మీ బాంజో ఇవాళ కాస్త పైకుంది" అంది. "ఎప్పుడూ ఇలా ఉండదే. మీ చెవికేమైంది?"

చూసుకుంటే నిజమే. జేబులో ట్యూనరు ఉండగానే, గది మూల గుంయ్ మంటున్న పాత ట్యూబులైటుకి శ్రుతి చేసేసుకున్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గాని ముఖం మాడిపోయింది. ఇంత చిన్న మాట ఇంత మెత్తగా అన్నా ఎక్కడ గుచ్చుకుంటుందో అప్పుడు తెలిసింది. తను అన్నది మెత్తగా కాదు. ఇంటికొచ్చి ఒక నిర్ణయానికి వచ్చాడు. "ఒరేయ్" తర్వాత అన్నయ్య ఏమన్నా సరే, ఆయన శ్రుతిలోనే, ఆయన గుంయ్ మీదే తన వంతు వాయించి చెల్లించాలి. ఆయన తప్పు కాదని వదినకీ, ఆయన కూతురికీ వినపడాలి. అదొక్కటీ చేస్తే చాలనుకున్నాడు.

ఆదివారం పదకొండింటికి వదిన, అమ్మాయి మేడ దిగి వచ్చారు. చిన్న మేస్త్రీ స్టూలు మీది రాగి చుట్టలు తీసేసి వదినని కూర్చోమన్నాడు. ఆమె స్టూలు వంక ఒకసారి చూసి, కూర్చుంది. గిటారు మూడో తీగ గుంయ్‌తో కలిపి ఉంది. అతను తల ఊపాడు. అమ్మాయి టేపు నొక్కింది.

గుంయ్. దగ్గు. దగ్గు వినగానే అమ్మాయి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. మూడో తీగ మోగింది, బిగిసింది, ఆగింది.

"ఒరేయ్" అన్నాడు పెద్ద మేస్త్రీ. ఈసారి ఎవరూ ఆపలేదు.

"ఒరేయ్, ఇది మన పెట్టె శ్రుతి. ఇన్నాళ్ళూ దీని మీదే పెట్టాను. నాకు తెలిసింది ఇదొక్కటే. తప్పని తెలీదురా." కాసేపు గుంయ్ ఒక్కటే వినిపించింది. "నీ డబ్బా నేనే తీశా, వెతుక్కోకు. ఇప్పుడు దీని ప్రకారం పెడతా చూడు."

తర్వాత తీగలు దిగడం వినిపించింది. ఒకటి. రెండు. మూడో తీగ దిగుతుంటే పెట్టెకీ దానికీ మధ్య గాలి ఊగడం మొదలైంది. వావ్, వావ్, వావ్. ఆరు తీగలూ ఓపిగ్గా, ముల్లు చూసుకుంటూ, దించాడు పెద్ద మేస్త్రీ.

"నా చెవికి ఇది ఇంకా అబ్బలేదు. ఏదో కుంటుతున్నట్టే ఉంది. పర్లేదు, అలవాటు చేసుకుంటా. నీ చోటు ఖాళీగా వదులుతున్నా. కోపం తగ్గాక వాయించు."

పాట మొదలైంది. చిన్న మేస్త్రీ అలవాటు కొద్దీ మొదటి తీగ మీటాడు. టేపులోని గిటారు, చేతిలోని గిటారు ఎదురెదురుగా నిలబడి కాట్లాడుకున్నట్టు వినిపించింది. అతను అన్న శ్రుతికి ఎక్కాడు. అన్న అప్పటికే తమ్ముడి శ్రుతికి దిగి ఉన్నాడు.

"ఆపమ్మా" అన్నాడు. అమ్మాయి ఆపింది.

"ఏమైంది?" అంది వదిన.

ఇక దాచలేదు. నిలబడే చెప్పాడు. ఆ రోజు నలుగురిలో తను ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. అది అబద్ధమనీ, అన్నయ్య చెవి ఎంత బాగా పనిచేసేదో తనకు ఈ వారమే తెలిసిందనీ చెప్పాడు.

"నువ్వన్నది నాకు అప్పుడే తెలుసు" అంది వదిన. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని చిన్న మేస్త్రీకి అనిపించింది. "ఆ మూడు రోజులూ మీ అన్నయ్య రేడియో కూడా పెట్టనివ్వలేదు. నా చెవి పాడైందే, వాడికి తెలిసింది, నాకే తెలీలేదు, అన్నారు. ఎవరన్నా చెవి డాక్టరు ఉంటే కనుక్కోమన్నారు."

నమ్మేశాడన్నమాట. తమ్ముడి మాట కాబట్టి నమ్మాడు, నమ్మే పోయాడు.

చిన్న మేస్త్రీ గిటారు వంక చూశాడు. ఈ శ్రుతిలోనే ఉండి వాయిస్తే, టేపులో ఉన్నవాడే మళ్ళీ అపశ్రుతిలో ఉన్నట్టు వినపడతాడు, ఈసారి సొంత కూతురి ముందు. అన్నయ్యని రెండోసారి తప్పని అనలేడు. అతను జేబులోంచి ట్యూనరు తీసి, ఒక్కో తీగా దించడం మొదలుపెట్టాడు. మూడో తీగ దగ్గర గాలి మళ్ళీ ఊగింది. ఊగనిచ్చాడు.

"మొదట్నుంచీ పెట్టమ్మా" అన్నాడు.

ఈసారి రెండు గిటార్లూ కలిశాయి. కిందనున్న గుంయ్ మాత్రం ఇద్దరితోనూ కలవలేదు. అన్నదమ్ములిద్దరూ ఒక్కటై, ఆ గదిలో సరిగ్గా ఉన్న ఒకేఒక్కదానికి దూరంగా వాయిస్తున్నారు. ఖాళీ వచ్చింది. టేపులో పెద్ద మేస్త్రీ చెప్పు నేల మీద తాళం వేస్తోంది. చిన్న మేస్త్రీ, ఎదురుగా మైకు ఉన్నట్టే, ఒకడుగు ముందుకు వేసి వాయించాడు. వడగళ్ళు కాదు. ఒక్కో స్వరాన్నీ బతకనిచ్చాడు. తన వంతు అయ్యాక ఒకడుగు వెనక్కి వేశాడు. చోటు ఇచ్చాడు. ఆ చోటులోకి అన్నయ్య గిటారు వచ్చింది.

పాట అయిపోయింది. క్యాసెట్టు చివరిదాకా తిరిగి టక్కుమని ఆగింది. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ లేచి, పెట్టె స్విచ్చి ఆపబోయింది.

"ఉంచమ్మా" అన్నాడు చిన్న మేస్త్రీ.

పెట్టె పక్కన గొంతుక్కూర్చున్నాడు. తల వంచి, మూడో తీగను మీటుతూ మెల్లగా పైకి బిగించాడు. ఊగు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగిపోయింది.

"నీ చెవి బాగానే ఉంది అన్నయ్యా" అన్నాడు.

పెట్టె గుంయ్ మంటూనే ఉంది.